గ్యాప్ ఉందని ఫేక్ ఎక్స్‌పీరియెన్స్ పెట్టుకోకు తమ్ముడూ

బీటెక్ అయ్యాక రెండేళ్లు గ్యాప్ వచ్చింది, అమీర్‌పేటలో ఎవరో డబ్బులిస్తే ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తామంటున్నారు, పెట్టుకోనా అని అడిగావు. వద్దు. చాలా కంపెనీలు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో యూఏఎన్ (పీఎఫ్ ఖాతాదారుడికి ఇచ్చే నంబర్) అడుగుతాయి, పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఆ కంపెనీ పేరు లేకపోతే అక్కడే దొరికిపోతావు, చేరిన తర్వాతైనా తీసేస్తారు.

గ్యాప్ గురించి అడిగితే నసగకుండా నిజం చెప్పు: "గ్రూప్స్‌కి ప్రిపేరయ్యాను, రాలేదు, ఆరు నెలలుగా జావా, ఎస్‌క్యూఎల్ నేర్చుకుంటున్నాను." అంతే. ఇంటర్వ్యూలో అసలు పరీక్ష రెజ్యూమెలో పెట్టిన ప్రాజెక్టు దగ్గరే. నేను ఫ్రెషర్‌గా వెళ్లినప్పుడు, లాగిన్ పేజీలో పాస్‌వర్డ్‌ని డేటాబేస్‌లో ఎలా దాచావు అని అడిగితే నోట మాట రాలేదు, ఎందుకంటే ఆ భాగం చేసింది నా ఫ్రెండ్. హ్యాష్ చేసి, అంటే వెనక్కి మార్చలేని కోడ్‌గా మార్చి దాస్తారన్న సంగతి ఇంటికొచ్చాక తెలుసుకున్నాను. అందుకే చిన్నదైనా నువ్వే రాసింది పెట్టు, మీ వీధి కిరాణా కొట్టు అప్పుల ఖాతా లాంటిదైనా సరే, కానీ డేటాబేస్‌లో ప్రతి టేబుల్ ఎందుకుందో చెప్పగలగాలి.

రెజ్యూమె ఒక్క పేజీ చాలు. ముందే డిపాజిట్ కట్టమనే చోటికి అసలు వెళ్లకు. ఫోన్ నంబర్ తీసేసి నీ రెజ్యూమె ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.