నలభై పాత కంప్యూటర్లలో ఒకేసారి లినక్స్ ఎక్కించి, అందరి తెరలూ ఒకేలా ఉంచాలంటే ఏం చేయాలి?

అడిగినవారిది శ్రీకాకుళం. విండోస్ 10కి గడువు తీరిపోయింది, ఆఫీసులోని పాత సిస్టమ్‌లకు విండోస్ 11 ఎక్కదు, కాబట్టి అన్నింటికీ ఒకేసారి లినక్స్ (విండోస్‌కు బదులుగా వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి అందరి తెరలూ ఒకేలా ఉండేటట్టు చేయాలని ఉంది, ఏ లినక్స్, ఏ పద్ధతి అని అడిగారు.

నేను విజయనగరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. సరిగ్గా ఈ పనే 2025 అక్టోబరులో చేశాను. ఎక్కించడం ఒక రాత్రి పని. దాని గురించి బెంగ పెట్టుకోకండి. ‘అందరి తెరలూ ఒకేలా’ అన్నారు చూడండి, మీరు గోతిలో పడబోయేది అక్కడ.

మావి ఇంటెల్ నాలుగో తరం ఐ3లు, 4 జీబీ ర్యామ్. విండోస్ 11కి టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్పు కావాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరమో ఆ పైదో ఉండాలి. అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోతాయని మార్చి నుంచి నోటు మీద నోటు పెడుతూనే ఉన్నాను. వెళ్ళిన ప్రతిసారీ ‘చూద్దాం’ అన్నారు. మన యాజమాన్యాల ‘చూద్దాం’ ఎంత పొడవుంటుందో మీకు తెలియనిది కాదు. గడువు ఇంకో వారం ఉందనగా అనుమతి వచ్చింది. మా ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి కాలేజీకి సెలవు. అలా నా వంతుకు వచ్చింది తొలేళ్ళ రాత్రి, అంటే సిరిమానుకు ముందు రాత్రి. ఊరు ఊరంతా రోడ్డు మీద ఉంటే నేను ల్యాబ్ తలుపు వేసుకుని కూర్చున్నాను. ఇంటినిండా చుట్టాలు. మా ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసి మూడోసారి మానేసింది.

మాస్టర్ సిస్టమ్ ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాను. దాని ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి నకలు, తొమ్మిది జీబీ వచ్చింది. క్లోన్‌జిల్లాతో (ఇలా నకళ్ళు తీసి ఎక్కించే ఉచిత సాఫ్ట్‌వేర్) మల్టీకాస్ట్ చేద్దామని నా ఆలోచన. ఒక్కొక్కరికీ విడివిడిగా విస్తరి వేయకుండా అందరినీ ఒకే బంతిలో కూర్చోబెట్టి వడ్డించడం లాంటిది అది. ఇందులో ఒక చిక్కుంది. బంతిలో అందరికన్నా నిదానంగా తినేవాడు ఎవరో, వడ్డన వాడి వేగంతోనే సాగుతుంది.

ముందు నలభై సిస్టమ్‌ల దగ్గరకూ వెళ్ళి, ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ నుంచి బూట్ చేయించాలి. దానికే గంట పట్టింది. మూడు కీబోర్డుల్లో ఎఫ్12 పనిచేయదు, పక్క సిస్టమ్‌ది పీకి తగిలించాలి. తీరా మొదలుపెట్టాక, పావుగంటో ఇరవై నిమిషాలో అనుకున్న పనికి తెర మీద రెండు గంటల పైచిలుకు చూపించింది. సరే, తర్వాత వేగం అందుకుంటుందిలే అనుకుని టీ తాగాను. అరగంటైనా అంకె కదలలేదు. బయట డప్పులు. నాకు చెమటలు.

టార్చి పట్టుకుని, సిస్టమ్‌ల తీగలన్నీ వచ్చి కలిసే నెట్‌వర్క్ స్విచ్ దగ్గరకు వెళ్ళి చూస్తే, దీపాలన్నీ ఆకుపచ్చగా టపటపా కొట్టుకుంటున్నాయి, ఒక్కటి మాత్రం నారింజ రంగులో ఉంది. ఆ తీగ పట్టుకుని వెతుక్కుంటూ వెళితే పదిహేడో నంబరు సిస్టమ్ వెనక తేలింది. ఎలుక కొరికిన కేబుల్. కొరికిన చోట నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు చుట్టింది ఎవరో కాదు, నేనే, అంతకుముందు ఏడాది. ‘ప్రస్తుతానికి నడుస్తుంది’ అని. నడుస్తూనే ఉంది, 100 ఎంబీపీఎస్ నడవాల్సిన చోట 10తో. తీగ పీకేశాను. అన్నీ ఒక్క క్షణం ఆగి, ఏదో ఆలోచించుకున్నట్టు తటపటాయించి, ఒక్కసారిగా ముప్పై తొమ్మిదీ పరుగందుకున్నాయి. రాత్రి పన్నెండు దాటేసరికి ల్యాబ్ అయిపోయింది.

అయిపోయిందనుకున్నాను. రీస్టార్ట్ చేశాక చూస్తే ముప్పై తొమ్మిదింటికీ పేరు ‘ల్యాబ్01’. మాస్టర్ పేరు తుడవకుండానే ఇమేజ్ తీశాను. కాబట్టి మీరు ఒక్కో సిస్టమ్‌కు వేరుగా ఉండాల్సిన హోస్ట్ పేరు, మెషీన్ ఐడీ, దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ తాళాలు మూడూ మాస్టర్‌లో తుడిచేశాకే ఇమేజ్ తీయండి. నెట్‌వర్క్ కార్డు నంబరును బట్టి పేరు పెట్టి, ఆ తాళాలు కొత్తగా తయారుచేసే చిన్న స్క్రిప్టు రాసుకుంటే సరిపోతుంది. విండోస్‌నే నకలు తీసేవారైతే సిస్‌ప్రెప్ (నకలుకు ముందు ఆ సిస్టమ్ గుర్తులు తుడిచే విండోస్ పనిముట్టు) చేయకుండా తీయవద్దు. కొత్తగా తయారయ్యే ప్రతి యూజర్‌కూ మీ అమరికలే రావాలంటే వాటిని ఈటీసీలోని స్కెల్ ఫోల్డర్‌లో పెట్టండి. సాంకేతికంగా మీకు కావలసింది ఇంతే.

పండగ మర్నాడు యాజమాన్యం వారు వచ్చి చూశారు. వైరస్ బెడద తగ్గుతుందని, లైసెన్సు ఖర్చు లేదని వివరిస్తున్నాను. వాల్‌పేపర్ మీది వ్యవస్థాపకుల ఫొటో ఇంకాస్త పెద్దది చేయవచ్చా అని అడిగి వెళ్ళిపోయారు. పెద్దది చేశాను. కుర్రాళ్ళు దాన్ని తీసి హీరోల ఫొటోలు పెట్టకుండా తాళం కూడా వేశాను.

అసలు కథ ఆఫీసు గదిలో. అక్కడ ఆరు సిస్టమ్‌లు. ల్యాబ్ ఇచ్చిన ఊపులో, లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉన్న ఒక్కటి తప్ప, మిగతా వాటికీ అదే ఇమేజ్ ఎక్కించాను. ఫైళ్ళు పోగొట్టేంత తెలివితక్కువవాణ్ణి కాను, అన్నీ ముందే బ్యాకప్ తీసి, ‘పాత ఫైళ్ళు’ అనే ఫోల్డర్‌లో అక్షర క్రమంలో పద్ధతిగా సర్దాను. మా సూపరింటెండెంటు గారు వచ్చి కూర్చున్నారు. మౌస్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయారు. ఆయనకు ఏ ఫైలుకూ పేరు తెలియదు, చోటు తెలుసు. బోనఫైడ్ సర్టిఫికెట్టు కుడివైపు పై మూల, దాని కింద టీసీలు, ఎడమవైపు ఫీజు లెక్కలు. ఏళ్ళ తరబడి అంతే.

“బాబూ, నా బల్ల మీది కాగితాలన్నీ బీరువాలో సర్దేశావు. ఇప్పుడు ఏది ఎక్కడుందో నీకే తెలుసు” అన్నారు. తిట్టినా బాగుండేది.

సరే, ఒక లేఖ తెరిచి చూపిద్దామని తెరిచాను. తెలుగు ఉండాల్సిన చోట పిచ్చి గీతలు, కొమ్ములు, డాలరు గుర్తులు. యూనికోడ్ (ఏ సిస్టమ్‌లోనైనా అక్షరాలు ఒకేలా కనిపించే పద్ధతి) రాకముందు నాటి డీటీపీ ఫాంట్లతో కొట్టిన లేఖలు అవి. ఆ ఫాంటు లేని చోట అందులో ఉన్నది తెలుగే కాదు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి కానీ, నేను వాడినది ఒత్తుల దగ్గర తడబడింది. ప్రతి లేఖా మనిషి చదివి దిద్దాల్సిందే. చివరకు పాత లేఖల కోసం ఒక సిస్టమ్‌లో మళ్ళీ విండోస్ వేసి, నెట్ తీగ పీకేశాను. ట్యాలీ ఉన్న సిస్టమ్ జోలికి అసలు వెళ్ళలేదు, అది విండోస్‌కే రాసిన సాఫ్ట్‌వేర్.

తర్వాత రెండు రోజులు ఆయన పక్కనే కుర్చీ వేసుకున్నాను. “ఇక్కడ కాదు, ఇంకొంచెం కిందకి” అని ఆయన చెబుతుంటే ఐకాన్లు లాగి పెట్టాను. తెలుగు కొట్టడానికి ఆయన వేళ్ళకు అలవాటైనది ఆపిల్ కీబోర్డు అమరిక. నేను ఇన్‌స్క్రిప్ట్ అనే వేరే అమరిక ఒక్కటే పెట్టి నేర్చుకోమన్నాను. లినక్స్‌లో భాషల టైపింగ్ చూసుకునే ఐబస్‌లో ఎమ్17ఎన్ ప్యాకేజీ వేస్తే ఆపిల్ అమరిక కూడా వస్తుందని వారం తర్వాత తెలిసింది. ఆ వారం ఆఫీసులో నా పేరు ఎలా పలికారో ఇక్కడ రాయలేను. ఫాంట్ల కోసం తెలుగువిజయం ప్యాకేజీ వేశాను. అందులో గురజాడ పేరిట ఒక ఫాంటు ఉంది. విజయనగరంలో ఇంకేం పెడతాం, అదే పెట్టాం. మీది శ్రీకాకుళం కాబట్టి గిడుగు పెట్టుకోండి, అదీ అందులోనే ఉంది. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి పేరున్న ఫాంటులో మన ఆఫీసుల ‘తమరి దివ్యసముఖమునకు’ లేఖలు ఎలా ఉంటాయో చూడాలని నాకు సరదా.

పెద్ద పెద్ద ఊళ్ళకే ఈ పని తేలిక కాలేదు. జర్మనీలో మ్యూనిక్ నగర పాలక సంస్థ 2003లో లినక్స్ వైపు వెళ్ళాలని నిర్ణయించి, 2017లో మళ్ళీ విండోస్‌కే ఓటు వేసింది. రాజకీయాలంటారు, ఖర్చులంటారు. అక్కడ కూడా ఎవరో సూపరింటెండెంటు పక్కన ఎవరూ కుర్చీ వేసుకోలేదనే నా గట్టి నమ్మకం. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో మాత్రం ఏళ్ళుగా లినక్స్ నడుస్తోంది. అక్కడ ముందు నేర్పింది పంతుళ్ళకు.

ఏ లినక్స్ అని కదా అడిగారు, అది మర్చిపోయాను. లినక్స్ మింట్ 22, అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి రకం. 4 జీబీకి సరిపోతుంది, 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. మీ ప్రింటరూ, డిజిటల్ సంతకం డాంగిల్ ఉంటే అదీ ముందు ఒక్క సిస్టమ్‌లో పెట్టి చూసుకోండి. మల్టీకాస్ట్ మొదలుపెట్టే ముందు స్విచ్ దీపాలు కూడా.