ఎలాగూ ఆపేస్తారని తెలిసీ గాజాకు సాయం పడవలు ఎందుకు వెళ్తాయి?

అడిగింది రెండు ప్రశ్నలు: ఆపేస్తారని తెలిసీ ఎందుకు వెళ్తారు, అంతర్జాతీయ జలాల్లో ఆపే హక్కు ఇజ్రాయెల్‌కు ఉందా అని.

నేను సరుకు ఓడల్లో పనిచేస్తాను. థర్డ్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు రొమేనియాలోని కాన్‌స్టాంటా పోర్టులో గోధుమలు ఎక్కించుకుని ఇజ్రాయెల్ పోర్టు ఆష్‌డోడ్‌కు వెళ్తున్నాం. తీరం ఇంకా కనపడనే లేదు, వీహెచ్‌ఎఫ్‌లో (ఓడల రేడియోలో) ఇజ్రాయెల్ నేవీ మా ఓడను పేరు పెట్టి పిలిచింది. ఏ జెండా, ఏ పోర్టు నుంచి వస్తున్నారు, సరుకేంటి, ఎంతమంది, ఏ దేశం వాళ్లు? గొంతు మర్యాదగానే ఉంది. నేను రిసీవర్ పట్టుకుని క్రూ లిస్టు చదువుతుంటే, కెప్టెన్ టీ కప్పు పక్కన పెట్టేసి, అడిగిందానికే చెప్పు, ఒక్క ముక్క ఎక్కువొద్దు అన్నట్టు వేలు చూపించాడు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా నా చేతులు చెమటలు పట్టేశాయి. ఒడ్డుకు చేరాక కిందికి దిగి టీ తాగడానికి కూడా సవాలక్ష పర్మిషన్లు, అది వేరే కథ.

రమ్మన్న ఓడకే ఇంత టెన్షన్. వద్దన్నా గాజాకు సాయం పడవల్లో వెళ్లేవాళ్లకు ఇజ్రాయెల్ 2010లో చెప్పిందీ, 2025లో చెప్పిందీ ఒకటే: ఆష్‌డోడ్‌కు రండి, సరుకు మేమే గాజాకు పంపిస్తాం. వాళ్లు రామంటారు. 2010 మే 31న మావి మర్మరా అనే సాయం ఓడ మీదికి ఇజ్రాయెల్ కమాండోలు దిగితే 9 మంది చనిపోయారు, కోమాలోకి వెళ్లిన పదో మనిషి 2014లో పోయాడు. 2025 జూన్‌లో మాడ్లీన్ అనే చిన్న పడవలో ఉన్నది 12 మంది, కాస్త పాలపొడి, బియ్యం. దాంతో గాజా ఆకలి తీరదని వాళ్లకు తెలీదా? గాజాలోకి ఏది పోవాలో తేల్చడానికి నువ్వెవరు అన్నదే గొడవంతా. మన టీవీ మేధావులు దీన్ని పబ్లిసిటీ స్టంట్ అంటారు. పబ్లిసిటీయే, అయితే ఏంటట?

చట్టం సంగతంటారా, అంతర్జాతీయ జలాల్లో ఆపొచ్చా లేదా అన్నది గాజాకు ఓడలు వెళ్లకుండా ఇజ్రాయెల్ పెట్టిన సముద్ర దిగ్బంధం చట్టబద్ధమా కాదా అన్నదాని మీదే ఉంది. దిగ్బంధం చట్టబద్ధమే కానీ మావి మర్మరా మీద బలప్రయోగం మితిమీరిందని 2011లో ఐరాస పామర్ కమిటీ చెప్పింది. అంతకు ముందు ఏడాదే ఐరాస మానవ హక్కుల మండలి బృందం అసలు దిగ్బంధమే చట్టవిరుద్ధమంది. ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకుంటున్నారు.

అన్నట్టు మన దేశమూ ఈ పని చేసింది. 1987 జూన్ 3న జాఫ్నా తమిళులకు సాయంగా రామేశ్వరం నుంచి పడవలు పంపితే శ్రీలంక నేవీ అడ్డుకుంది, అవి వెనక్కొచ్చేశాయి. మర్నాడే మన వాయుసేన మిరాజ్ యుద్ధ విమానాల్ని కాపలా పెట్టుకుని మరీ సరుకు పైనుంచి జారవిడిచింది. మాడ్లీన్ వాళ్ల వెనక మిరాజ్‌లు ఎక్కడివి? వాళ్లకున్నవల్లా ఫోన్ కెమెరాలే. కమాండోలు ఎక్కేముందు సిగ్నల్ జామ్ చేశారని వాళ్లు చెప్పింది అందుకే నేను ఇట్టే నమ్మేశాను.