జీపీఎస్ ఉండగా ఎయిర్‌పోర్ట్ నావిగేషన్ ఉద్యోగం ఎందుకు అని అడిగిన అమ్మగారికి

నమస్తే అమ్మా, మీ మెసేజ్ చదివాను. అమ్మాయి ఎలక్ట్రానిక్స్ డిగ్రీ మూడో సంవత్సరం, పైలట్లకి దారి చూపించే రేడియో, నావిగేషన్ పరికరాల పనిలోకే వెళ్తానని పట్టుబట్టింది, ఇప్పుడంతా జీపీఎస్సే కదా ఈ ఉద్యోగాలు ఎన్నాళ్ళుంటాయి, సాఫ్ట్‌వేర్‌లోకి మళ్ళిస్తే మంచిదేమో అని మీ బెంగ.

ముందు ఆ జీపీఎస్ సంగతి చెప్తా. ఆ ఉపగ్రహాలు 20,000 కిలోమీటర్ల పైన ఉంటాయి, సిగ్నల్ మన దాకా వచ్చేసరికి చాలా బలహీనమైపోతుంది, నేలమీంచి ఎవరైనా జామ్ చెయ్యొచ్చు, దొంగ సిగ్నల్ పంపి విమానం వేరే చోట ఉన్నట్టు కూడా చూపించొచ్చు. యుద్ధాలు జరిగే చోట్లకి దగ్గర్లో ఎగిరే పైలట్లకి ఇది మామూలు తలనొప్పి అయిపోయింది. నేలమీంచి దిక్కు చూపే రేడియో స్టేషన్లలో పాత ఎన్‌డీబీలు పోతున్నాయి, వీఓఆర్‌లు తగ్గుతున్నాయి, అది నిజమే, కానీ ఈ తలనొప్పి వల్లే వీఓఆర్‌లని పూర్తిగా తీసెయ్యట్లేదు, ఇక దిగేటప్పుడు రన్‌వేకి దారి చూపే ఐఎల్ఎస్, దూరం చెప్పే డీఎంఈ, పైలట్లు టవర్‌తో మాట్లాడే వీహెచ్ఎఫ్ రేడియో ఇప్పట్లో ఎక్కడికీ పోవు.

అసలు పని ఏంటో మీకూ తెలియాలి కాబట్టి ఐఎల్ఎస్ గురించి కొంచెం చెప్తాను. రన్‌వే అవతలి చివర యాంటెన్నాలు వరసగా నిలబెట్టి ఉంటాయి, దాన్ని లోకలైజర్ అంటారు. అది 90 హెర్ట్జ్, 150 హెర్ట్జ్ అని రెండు టోన్లు పంపుతుంది, దిగే విమానం సరిగ్గా మధ్య గీత మీదుంటే రెండూ సమానంగా అందుతాయి, ఎడమకి జరిగితే 90 ఎక్కువవుతుంది, కుడికి జరిగితే 150. రన్‌వే పక్కనుండే గ్లైడ్ స్లోప్ కూడా ఇవే రెండు టోన్లతో సుమారు 3 డిగ్రీల వాలు చూపిస్తుంది. మేఘంలో బయట ఏమీ కనపడకపోయినా పైలట్ కాక్‌పిట్‌లో ఈ సిగ్నళ్ళని చూపించే సూదుల్ని నమ్ముకుని 200 అడుగుల ఎత్తు దాకా వచ్చేస్తాడు, అదీ మామూలు కేటగిరీలోనే, పై కేటగిరీల్లో ఇంకా కిందకి. మరి ఆ సూది తప్పు చూపిస్తే? అందుకే పక్కనే మానిటర్ ఉంటుంది, సిగ్నల్ హద్దు దాటిందా స్టాండ్‌బై ట్రాన్స్‌మిటర్‌కి మారాలి, అదీ బాగోకపోతే మొత్తం ఆగిపోవాలి, అన్నిటికన్నా పైదైన కేటగిరీ 3 లోకలైజర్‌కి అయితే దీనికి ఇచ్చే టైమ్ 2 సెకన్లే. ఆగిపోతే కాక్‌పిట్‌లో ఫ్లాగ్ అనే హెచ్చరిక గుర్తు పడుతుంది, పైలట్ మళ్ళీ పైకి లేచిపోతాడు. ఈ పనిలో తప్పు సిగ్నల్ కన్నా సిగ్నల్ లేకపోవడమే నయం అమ్మా.

ఇంకోటి, ఒక్కో స్టేషన్ తన పేరుని మోర్స్ కోడ్‌లో పంపుతూ ఉంటుంది, పైలట్ అది విని ఇది ఫలానా స్టేషనే అని నిర్ధారించుకుంటాడు. రిపేరు జరుగుతున్నప్పుడు ఆ ఐడెంట్ తీసేస్తారు, అది వినపడకపోతే సూది ఎంత చక్కగా కదిలినా వాడకూడదు.

రేడియో మాట కూడా అంతే. 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ మధ్య ఇంకా ఏఎంలోనే మాట్లాడుకుంటారు, ఎఫ్ఎం ఎందుకు కాదో అమ్మాయిని అడగండి. ఎఫ్ఎంలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే బలహీనమైన గొంతు మాయమైపోతుంది, ఏఎంలో కీచుమని మోత వస్తుంది కాబట్టి ఇంకెవరో కూడా మాట్లాడారని తెలుస్తుంది. 1977 మార్చి 27న స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో పొగమంచులో రెండు జంబోజెట్లు రన్‌వే మీదే ఢీకొని 583 మంది చనిపోయారు, అక్కడ టవర్ మాట, ఒక విమానం మాట ఒకేసారి వచ్చి రెండో విమానం కాక్‌పిట్‌లో ఆ కీచు మోత వినపడింది, ఆ విమానం అప్పటికే టేకాఫ్ మొదలుపెట్టేసింది. తర్వాత మాటల పద్ధతి బిగించారు, టేకాఫ్ అనే మాట అనుమతి ఇచ్చేటప్పుడో దాన్ని రద్దు చేసేటప్పుడో తప్ప వాడరు, మిగతా చోట్ల డిపార్చర్ అంటారు.

ఈ పరికరాలు చూసుకునేవాళ్ళని ఏటీఎస్ఈపీ అంటారు. ముందు బేసిక్ ట్రైనింగ్, తర్వాత ఫలానా పరికరం మీద ట్రైనింగ్, అనుభవజ్ఞుల పక్కన ఉండి ఉద్యోగంలోనే నేర్చుకోవడం, అప్పుడు గానీ ఆ పరికరానికి బాధ్యత చేతికివ్వరు. రాత్రి షిఫ్టులుంటాయి, రన్‌వే పక్కన ఒంటరి గదుల్లో పని ఉంటుంది, ఇది దాచను. చదువులో యాంటెన్నాలు, మాడ్యులేషన్ గట్టిగా ఉండాలి, ఇప్పుడు వాయిస్ సిస్టమ్‌లు ఐపీ మీదకి, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్‌ల మీదకి, వచ్చేస్తున్నాయి కాబట్టి నెట్‌వర్కింగ్ కూడా నేర్చుకోమనండి, ఒకవేళ మనసు మారినా అది బయట పనికొస్తుంది, మీ సాఫ్ట్‌వేర్ భయానికి కూడా కొంత జవాబు దొరుకుతుంది.

మార్కులకంటే నేను చూసేది వేరే. ల్యాబ్‌లో గ్రాఫ్ సరిగ్గా రాకపోతే వచ్చిన రీడింగే రాస్తుందా, పక్కవాళ్ళది చూసి సర్దేస్తుందా? అర్ధరాత్రి రీడింగ్ కొంచెం తేడాగా ఉంటే, పైన విమానాలు వరసగా వస్తుంటే, బాగానే ఉందిలే అని లాగ్‌బుక్‌లో సంతకం పెట్టేసే మనిషి ఈ పనికి వద్దు. ఈ ఒక్క ప్రశ్న అమ్మాయిని కోప్పడకుండా అడిగి, తను ఏం చెప్పిందో నాకు రాయండి, అప్పుడు కోర్సుల గురించి మాట్లాడుకుందాం.