ఖాళీ డబ్బా కన్నా ఇంగ్లిష్ నయం

ప్రశ్న: సార్, ఒక హాస్టల్ అడ్మిషన్ల కోసం తెలుగు, ఇంగ్లిష్, ఉర్దూల్లో వెబ్ ఫారం చేశాను. వెబ్ పేజీలు కట్టే రియాక్ట్, తెర మీది మాటలను భాషను బట్టి మార్చే ఐ18నెక్స్ట్ వాడాను. పరకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన నెట్ సెంటర్‌లో తెలుగు పెట్టుకొని నింపుతుంటే ఒక డబ్బా మీద పేరే లేదట, ఫోన్ నంబర్ కొట్టాడు. అది పిన్‌కోడ్ డబ్బా. ఎర్ర గీత వచ్చింది గానీ ఎందుకో రాయలేదు, పాపం అరగంట అక్కడే కూర్చున్నాడు. ఇంకోచోట "ఫారం.గార్డియన్" అని కోడే కనిపిస్తోంది. ఫాల్‌బ్యాక్ (అనువాదం లేనప్పుడు చూపించే భాష) ఇంగ్లిష్ అనే పెట్టాను కదా, మరి ఇట్లెందుకు?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇవి రెండు వేరు వేరు తప్పులు. కోడ్ కనిపిస్తోందంటే ఆ కీ (మాటను ఫైల్లో వెతికే పేరు) ఇంగ్లిష్ ఫైల్లో కూడా లేదు, లేదా స్పెల్లింగ్ తేడా ఉంది. వెతికితే ఐదు నిమిషాల పని.

అసలు తిప్పలు పేరు లేని డబ్బాదే. అనువాదం చేసేవాళ్లకు ఫైల్ పంపేటప్పుడు కీలన్నీ పెట్టి విలువల చోట ఖాళీ కోట్లు ("") వదిలేస్తాం, వాళ్లు సగం నింపి పంపుతారు, మనం చూడకుండా లైవ్‌కు ఎక్కిస్తాం (నేనూ చేశాను). ఐ18నెక్స్ట్ మామూలుగా ఖాళీ కోట్లను కూడా అనువాదం కిందే లెక్కేస్తుంది, అందుకే ఇంగ్లిష్ వైపు పోదు. రిటర్న్‌ఎంప్టీస్ట్రింగ్ అనే సెట్టింగ్‌ను ఫాల్స్ చేయండి, ఇంగ్లిష్ వైపు పోతుంది. తప్పిపోయిన కీలను పట్టి చెప్పే సేవ్‌మిస్సింగ్ ఉందిగా అని ధీమాగా ఉండకండి, ఇంగ్లిష్‌లో మాట దొరికితే అది ఏదీ తప్పిపోయినట్టు చెప్పదు. మూడు ఫైళ్ల కీలను, ఖాళీ విలువలను పోల్చే చిన్న స్క్రిప్ట్ రాసి, తేడా ఉంటే బిల్డ్ (లైవ్‌కు ఎక్కించే ముందు సైట్ తయారయ్యే దశ) ఆగిపోయేలా పెట్టుకోండి.

పేరు లేని డబ్బా కన్నా ఇంగ్లిష్ వచ్చినా నయమే గానీ అన్నిచోట్లా కాదు. "పిన్‌కోడ్" అని ఇంగ్లిష్‌లో ఉంటే పక్కనున్న పిల్లాడిని అడిగైనా నింపుతారు. "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అనే చోట మాత్రం ఇంగ్లిష్ చూపించి టిక్ కొట్టించుకోవడం నాకు నచ్చదు, చదవలేని దానికి మనిషిని ఒప్పించినట్టే. ఆ వాక్యం తెలుగులోనో ఉర్దూలోనో లేకపోతే అది వచ్చేదాకా ఆ భాషనే మెనూలోంచి తీసేయండి.

డ్రాప్‌డౌన్‌లో తెలుగు మాటనే డేటాబేస్‌లోకి పంపుతున్నారేమో కూడా చూసుకోండి. అట్లయితే "వ్యవసాయం", "అగ్రికల్చర్" రెండు వృత్తులై కూర్చుంటాయి. డేటాబేస్‌కు ఏ భాషలోనైనా ఒకటే కోడ్ పంపండి, పేరు తెర మీదే మారాలి.

ఎర్ర గీత పక్కన రావాల్సిన మాటలే ఎక్కువగా తప్పిపోతాయి, ఎందుకంటే ఫారం సరిగ్గా నింపినంతసేపు అవి ఎవరి కంటా పడవు. లైవ్‌కు పెట్టేముందు తెలుగులో, ఉర్దూలో ఒక్కోసారి కావాలని తప్పుగా నింపండి: పిన్‌కోడ్‌లో 50600 అని ఐదంకెలే కొట్టి ఏం వస్తుందో చూడండి.