ఇల్లు మారినా వెంట వచ్చే కర్టెన్లు: కత్తెర ఎంత తక్కువ పడితే అంత మంచిది

రెండేళ్లకోసారి అద్దె ఇల్లు మారతామనీ, మారినప్పుడల్లా కర్టెన్లు, సోఫా కవర్లు సరిపోక పారేస్తున్నామనీ, పర్యావరణానికి చెరుపు చేయకుండా ఏ ఇంటికైనా పనికొచ్చేవి ఏం కొనాలనీ అడిగారు. పదకొండేళ్లలో నేను ఐదిళ్లు మారాను. నాకు తెలిసింది చెబుతాను.

మొదటి ఇంటికి ఒక షాపువాళ్లు వచ్చి కొలతలు తీసుకుని, వెనక పూత ఉన్న పాలిస్టర్ కర్టెన్లు కుట్టి, పైన స్టీలు రింగులు కొట్టి ఇచ్చారు. రెండో ఇంట్లో తలుపులు మొదటి ఇంటికన్నా నాలుగంగుళాలు ఎక్కువ ఎత్తు. కర్టెన్ దించుదామంటే అడుగున మడత అంగుళమే ఉంది. మూడో ఏడు ఎండకి వెనక పూత పొట్టులా రాలింది. ఆ గుడ్డ నీళ్లు పీల్చదు, మసిగుడ్డకి కూడా పనికిరాలేదు. ఆ రోజు నాకు నిజంగా బాధేసింది. మా అమ్మమ్మ ఇంట్లో నూలు చీర కట్టి కట్టి మెత్తబడ్డాక పసిపిల్లల ఉయ్యాలయ్యేది, తర్వాత నాలుగైదు పొరలు కలిపి బొంతయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డయ్యేది. అప్పటినుంచి ఇంటికి ఏ గుడ్డ కొన్నా ఇది చివరికి మసిగుడ్డగా పనికొస్తుందా అని చూసుకుంటాను. అంటే నూరు శాతం నూలు. పాలిస్టర్ కలిపి నేసినదాంట్లోంచి నూలుపోగుని మళ్లీ విడదీయడం చాలా కష్టం.

ఇప్పుడు మా తలుపులకి ఉన్నవి మంగళగిరి నూలు చీరలు. ఐదున్నర మీటర్ల చీర అంటే 18 అడుగులు. మధ్యకి ఒక్క కోత వేస్తే తొమ్మిదేసి అడుగుల ముక్కలు రెండు. మామూలు తలుపు ఏడడుగులు. పైన కడ్డీ దూరడానికి నాలుగంగుళాల గొట్టం మడత పోగా, మిగిలినదంతా కిందకి మడిచి చేత్తో టాకాలు వేశాను. మిషన్ కుట్టు వేయించకండి, విప్పినప్పుడు గీతలు కనిపిస్తాయి. తలుపు ఎత్తు మారితే సాయంత్రం కూర్చుని టాకాలు విప్పి మళ్లీ వేసుకోవచ్చు. చీర వెడల్పు నాలుగడుగులకి కొంచెం తక్కువ, తలుపుకి ఒక ముక్క చాలు, పెద్ద కిటికీకి రెండు కావాలి. రింగుల కోసం చిల్లులు కొట్టించొద్దు. రింగులే కావాలంటే క్లిప్పులున్నవి దొరుకుతాయి.

కోసేముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేశాకే కొలవండి. గంజి పోయి గుడ్డ ముడుచుకుంటుంది. నా మొదటి చీర అర అడుగు దాకా తగ్గింది.

సోఫాకి కుట్టిన కవర్లు మానేశాను. కొయ్యలగూడెం ఇక్కత్ దుప్పటి పరిచి, అంచులు దోపేస్తాను. సోఫా మారితే అది మళ్లీ మంచం మీది దుప్పటే. ఇక్కత్ అంటే నాకు మరీ ఇష్టం. పోగుకి ముందే ముడులు కట్టి రంగు అద్ది, ఆ తర్వాత నేస్తారు కాబట్టి డిజైను రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకవైపు వెలిస్తే తిప్పి వేసుకుంటాం, ఆయుష్షు రెట్టింపైనట్టే. కొనేటప్పుడు తిరగేసి చూడండి. వెనక వైపు వెలవెలబోతూ ఉంటే అది ఇక్కత్ కాదు, అచ్చు వేసిన గుడ్డ. వరంగల్ జంపఖానాలు కూడా అంతే, రెండు వైపులా పరచొచ్చు. 2018లో వాటికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే గుర్తింపు కూడా వచ్చింది. మా జంపఖానా ఒక ఇంట్లో హాల్లో ఉండేది, ఇంకో ఇంట్లో దివాన్ మీదికెక్కింది, ఇప్పుడు పిల్లలు చదువుకునే మూల ఉంది.

పెడన కలంకారీ కూడా కొన్నాను. కరక్కాయ, పటిక పట్టించి అద్దిన ఆ ఎరుపు, బెల్లం-ఇనుము ఊరబెట్టి తీసిన ఆ నలుపు చూస్తే వదలబుద్ధి కాదు. కానీ అది ఒకవైపు అచ్చు. ఎండ కొట్టే కిటికీకి వేయకండి, దిండు గలీబులకి, లోపలి గుమ్మాలకి వాడండి.

ఒక్క ఇబ్బంది ఒప్పుకోవాలి. పడమటి పడకగదికి పలచటి చేనేత చీకటి ఇవ్వదు. అక్కడ రెండో కడ్డీ పెట్టి, వెనక పాత ముదురురంగు దుప్పటి విడిగా వేలాడదీశాను. ఎండదెబ్బ దానికి తగులుతుంది, ముందున్న చీర బాగుంటుంది. మూడేళ్లకి ఆ దుప్పటి జీర్ణమైపోయింది. పోయిన వేసవిలో దాన్నీ, మరో రెండు పాత చీరల్నీ కలిపి మా అత్తమ్మ బొంత కుట్టింది. ఇప్పుడు మా చిన్నది అది లేకుండా పడుకోదు.