పడిపోయిన పశువును లేపేటప్పుడు

ప్రశ్న: ఈనిన మర్నాటి నుంచి మా ఆవు లేవడం లేదు. కాల్షియం ఎక్కించాక మేత తింటోంది, నెమరు వేస్తోంది, కానీ వెనక కాళ్లు నిలవడం లేదు. పొట్ట కింద మోకులు వేసి చైన్ పుల్లీతో లేపి, రోజంతా అలాగే నిలబెట్టవచ్చా? తుంటికి బిగించే ఇనుప సాధనం మేలంటున్నారు, నిజమేనా?

జవాబు: మోకులు వద్దు. ఐదారు వందల కిలోల బరువు సన్నని తాళ్ల మీద పడితే అవి పొట్టలోకీ పొదుగులోకీ దిగబడతాయి, ఊపిరి కూడా సరిగా ఆడదు. ముందుగా కాలు విరగలేదనీ, తుంటి కీలు తప్పలేదనీ పశువైద్యుడు పరీక్షించి చెప్పాలి. ఆ రెండింటిలో ఏది ఉన్నా లేపే ప్రయత్నమే హాని చేస్తుంది.

మీరు విన్న తుంటి బిగింపు పనికొచ్చే సాధనమే, కాని అది పశువును వేలాడదీయడానికి కాదు, లేవాలని చూసే పశువుకు ఊతమివ్వడానికి. తుంటి ఎముకలను పట్టుకునే ఆ సాధనపు దవడలకు మెత్తని తొడుగు ఉండాలి. వదులుగా బిగిస్తే జారి గాయం చేస్తుంది, మరీ బిగిస్తే ఎముక చుట్టూ కండ నలుగుతుంది. వెనక భాగం ఒక్కటే లేస్తే బరువంతా ముందుకు ఒరుగుతుంది కనుక రొమ్ము కింద వెడల్పాటి పట్టీ కూడా వేసి, రెండింటినీ కలిపి నెమ్మదిగా ఎత్తాలి. అప్పుడు గిట్టలను గమనించండి: అవి నేల మీద చదునుగా ఆని, కాళ్లు బరువు తీసుకుంటుంటే గొలుసును కొద్దిగా సడలించి, పది పదిహేను నిమిషాలు నిలబడనివ్వవచ్చు, గిట్టలు వెనక్కి మడిచి, ఒళ్లు వదిలేసి వేలాడుతుంటే వెంటనే దించేయాలి. రోజంతా అలా ఉంచడం మాత్రం కూడదు.

ఎక్కువసేపు నిలబెట్టడానికి నీటి తొట్టి ఉంది. పశువును చాప మీద లోపలికి లాగి, తలుపులు మూసి, ఒంటి వేడికి దగ్గరగా, అంటే 37, 38 డిగ్రీల నీటిని నింపుతారు. బరువులో చాలా భాగాన్ని నీరే మోస్తుంది కాబట్టి ఆవు గంటల తరబడి నిలబడగలదు. నీరు చల్లారకుండా చూడటమే అసలు కష్టం.

నిజానికి, సాధనం కన్నా పడక గురించి మీరు ముందు అడగవలసింది. గట్టి నేల మీద పడుకున్న పశువు తన బరువుతోనే కిందనున్న కాలికి రక్తం అందకుండా చేసుకుంటుంది. కొన్ని గంటలకే కండరాలు, నరాలు దెబ్బతిని, మొదటి జబ్బు తగ్గినా కాళ్లు పనిచేయవు. మందంగా ఇసుకో ఎండుగడ్డో పరిచి, రెండు మూడు గంటలకొకసారి పక్క మార్చండి. రొమ్ము మీద ఆనుకుని కూర్చునేలా గడ్డి మూటలు దన్ను పెట్టండి. పూర్తిగా పక్కకు ఒరిగిపోతే కడుపు ఉబ్బుతుంది. ఆ పడక మీదికి చేర్చడానికి కాళ్లో మెడో పట్టి ఈడ్చకుండా, బలమైన పట్టా మీదికి దొర్లించి పట్టానే లాగండి.

తనంతట తాను లేవాలని ప్రయత్నిస్తున్నంతకాలం రోజూ ఊతమివ్వండి. మేత మాని, ఒంటి మీద పుండ్లు పడి, లేపినా కాళ్లు ఆనించకపోతే, ఇంకా లేపడం సబబేనా అని పశువైద్యుడితో మాట్లాడండి.