పన్నెండులో తొమ్మిది వీపులే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దాంతో పంపిన పన్నెండు ఫొటోలూ, వాటి కింద నువ్వు రాసిన కథనాలూ అందాయి. పన్నెండులో తొమ్మిది వీపులే. మిగతా మూడూ రోడ్డు అవతలి నుంచి జూమ్ చేసి తీసినవి. నగరంలో అంతమంది మధ్య తిరిగి ఒక్కరితోనూ మాట్లాడలేదని చూడగానే తెలిసిపోయింది. "కొత్తవాళ్లని పలకరించాలంటే టెన్షన్, ఎలా పోతుంది?" అని అడిగావు. పోదమ్మా. ముప్పై ఏళ్లయినా నాకే పోలేదు. ఇప్పటికీ మొదటి మనిషి దగ్గరికి వెళ్లే ముందు లేని పని కల్పించుకుని లెన్సు తుడుస్తూ నిలబడతాను. ఆ ఒక్కటీ అయితే రెండోది తేలిక.

చాటుగా తీయడంలో తప్పేముంది, అమెరికన్ ఫొటోగ్రాఫర్ వాకర్ ఎవాన్స్ తీయలేదా అన్నావు. తీశాడు. 1938 నుంచి 1941 దాకా న్యూయార్క్ సబ్‌వే రైళ్లలో కోటు లోపల కెమెరా దాచుకుని ఎదురుగా కూర్చున్న ప్రయాణికుల్ని తీశాడు. కానీ ఆ ఫొటోలు పుస్తకంగా వచ్చింది 1966లో. పాతికేళ్లు ఆగాడు. నువ్వు సాయంత్రం తీసి రాత్రికే పోస్ట్ చేస్తున్నావు.

ముందు ఆ జూమ్ లెన్సు ఇంట్లో పెట్టు. జూమ్ లేని 35 ఎంఎం లెన్సు ఒక్కటే పట్టుకెళ్లు. దాంతో మనిషి నడుము పైభాగం ఫ్రేములో నిండుగా రావాలంటే ఇంచుమించు మీటరున్నర దూరంలో నిలబడాలి. అంత దగ్గర నిలబడ్డాక మాట్లాడక తప్పదు.

గబగబా నడిచిపోయే వాళ్లని ఆపకు. దేనికోసమో ఎదురుచూస్తున్న వాళ్లని చూసుకో. బస్సు కోసమో, వాన తగ్గడం కోసమో నిలబడ్డవాళ్లకి కాస్త తీరిక ఉంటుంది. వెళ్లగానే "ఒక ఫొటో తీసుకోనా" అంటే ఎవరికైనా అనుమానమే వస్తుంది, నాకు మాత్రం రాదా? ఇంతమందిలో తన దగ్గరే ఎందుకు ఆగావో ముందు చెప్పు. "గొడుగు పిడికి ఎర్ర దారం చుట్టుకున్నారు, ఎందుకండీ?" అని అడుగు. అది నువ్వు నిజంగా గమనించిందై ఉండాలి, పొగడ్త కాకూడదు. ఆ ఫొటో ఎక్కడ పెడతావో కూడా అప్పుడే చెప్పేయి. వద్దంటే సరేనని నవ్వి వెళ్లిపో, బతిమాలకు. పిల్లలైతే పెద్దవాళ్లని అడగకుండా కెమెరా ఎత్తొద్దు.

మొదటి ఫొటోలో అందరూ గుర్తింపు కార్డు మొహం పెడతారు. ఫరవాలేదు, దాన్నీ తీయాలి. తర్వాత కెమెరా కిందికి దించి మాట కొనసాగించు. పని అయిపోయిందనుకుని భుజాలు సడలిస్తారు. "ఇంకొక్కటి" అని అప్పుడు అడుగు.

చట్టం సంగతి ఒక్క ముక్కలో చెప్తాను, ఎక్కడికక్కడ వేరు. జర్మనీలో మనిషి బొమ్మని బయటపెట్టాలంటే మామూలుగా ఆ మనిషి ఒప్పుకోవాలని 1907లోనే చట్టం వచ్చింది. 1898లో ఆ దేశపు మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన గదిలోకి ఇద్దరు దొంగతనంగా దూరి ఆయన శవాన్ని ఫొటో తీసిన గొడవ దాని వెనక ఉంది. నువ్వుండే చోట ఏముందో కనుక్కో.

నాకు ముఖ్యమైంది పేరు. 1936లో డొరోతియా లాంగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ కాలిఫోర్నియాలో వలస కూలీల గుడారం దగ్గర ఒక తల్లినీ పిల్లల్నీ తీసింది. ప్రపంచమంతా చూసిన ఫొటో అది. ఆమె వయసు అడిగి రాసుకుంది, ముప్పై రెండు. పేరు అడగలేదు. ఆమె ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసేసరికి 1978 వచ్చింది. అప్పటికి ఆమెకి డెబ్బై దాటాయి. నా పేరు అడగలేదు, కాపీ పంపిస్తానని పంపలేదు అని ఆమె నొచ్చుకుంది. అంత గొప్ప ఫొటో ఆమెకి ఓదార్పు కాలేదు.

నేనేదో పెద్ద నీతిమంతుణ్ణనుకోకు. ఒకసారి పార్కు బెంచీ మీద ఒంటరిగా కూర్చున్న పెద్దాయన్ని పక్కనుంచి తీసి, "ఎవరూ రాని సాయంత్రం" అని ఒక పేజీ రాసి పత్రికకి పంపాను. వేశారు. మెచ్చుకుంటూ ఉత్తరాలు కూడా వచ్చాయి. నెల తర్వాత అదే బెంచీ దగ్గర ఆయనే నన్ను ఆపాడు. "నేను మనవరాలి కోసం కూర్చున్నానయ్యా, సంగీతం క్లాసు ఆరింటికి అయిపోతుంది. మా వాళ్లంతా చదివి, ఇంట్లో మిమ్మల్ని ఎవరూ చూసుకోవడం లేదా అని ఫోన్లు" అన్నాడు. కోప్పడలేదు. నేనే తల ఎత్తలేకపోయాను. నీ నాలుగో ఫొటో కింద "ఇల్లు మరిచిన తల్లి" అని చదవగానే ఆ బెంచీ గుర్తొచ్చింది. ఆమె ఇల్లు మరిచిందని నీకెవరు చెప్పారు?

జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకో. పేరు నువ్వు రాయకు, పుస్తకం వాళ్ల చేతికిచ్చి వాళ్లనే రాయమను. రాయడం రాని వాళ్లయితే నువ్వు రాసి చదివి వినిపించు. కాపీ ఎలా పంపాలో అక్కడే అడుగు, ఆ రాత్రే పంపెయ్, రేపంటే మరిచిపోతావు.

వచ్చే ఉత్తరంలో ఒక్క ఫొటో చాలు. కాస్త షేక్ అయినా నేనేమీ అనను. దాంతో పాటు ఆ నోటుబుక్కులోని పేజీ కూడా ఫొటో తీసి పంపు.